పెద్దపేగు క్యాన్సర్ ముందస్తు పరీక్షలు: చిత్రణ పద్ధతులు, సంప్రదాయ పద్ధతుల చారిత్రక పరిశీలన (గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నేపథ్యం)

వ్యాససంగ్రహం

పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లను ముందుగా గుర్తించడానికి గత నూట ఇరవై ఏళ్లలో రెండు మార్గాలు రూపొందాయి. మలంలో రక్తపు జాడను వెదకడం, గొట్టంతో పేగు లోపలికి చూడడం మొదటి మార్గం. బేరియం ఎనిమా, సీటీ కొలనోగ్రఫీ వంటి చిత్రణ రెండవ మార్గం. ఈ రెండింటి చరిత్రను, వాటిని పోల్చిన ప్రధాన అధ్యయనాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. క్షయవ్యాధి విషయంలో ఇదే తరహా చర్చ మదనపల్లె నుంచి తుమకూరు వరకు 1950, 60 దశకాలలో జరిగింది. దాన్ని పూర్వోదాహరణగా తీసుకొని, పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు ఏ క్రమం తగినదో చర్చిస్తుంది. పరీక్ష విలువను దాని సూక్ష్మత ఒక్కటే నిర్ణయించదని, పరీక్ష తరువాతి మెట్టు అందుబాటులో ఉండడమే ప్రధానంగా నిర్ణయిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పెద్దపేగు క్యాన్సర్, ముందస్తు పరీక్ష, గుప్తరక్త పరీక్ష, కొలనోస్కోపీ, సీటీ కొలనోగ్రఫీ, మదనపల్లె, పాలమూరు, ప్రజారోగ్య చరిత్ర

1. ఉపోద్ఘాతం

ప్రపంచవ్యాప్తంగా 2020లో సుమారు 19 లక్షల మందికి కొత్తగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ సోకినట్లు, 9 లక్షల మందికి పైగా మరణించినట్లు అంతర్జాతీయ అంచనాలు తెలుపుతున్నాయి. భారతదేశంలో ఈ వ్యాధి రేటు పాశ్చాత్య దేశాలకంటే చాలా తక్కువ. 1981 చివర మొదలైన జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం కింద పనిచేసే చాలా కేంద్రాలలో, వయస్సును సర్దుబాటు చేసిన రేటు లక్షకు పదిలోపే ఉంటుంది. అయితే రేటు తక్కువ కావడం రోగికి మేలు చేయలేదు. వ్యాధి అరుదైనదన్న భావన వల్ల వైద్యుడి అనుమానం ఆలస్యమవుతుంది. మలంలో రక్తం పడితే రోగికీ, ఇంటివారికీ, తరచుగా వైద్యుడికీ ముందు తోచేది మొలలే. తెలుగు పట్టణాలలో గోడల నిండా కనిపించే 'ఆపరేషన్ లేకుండా మొలల వైద్యం' ప్రకటనలు ఆ భావన ఎంత బలంగా ఉందో చెబుతాయి.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఇతర క్యాన్సర్లలో అంతగా కనిపించని లక్షణం ఒకటి ఉంది. అది చాలావరకు పాలిప్ అనే చిన్న కండ మొలకగా మొదలై, అనేక సంవత్సరాలు నిదానంగా పెరిగి క్యాన్సర్‌గా మారుతుంది. ఆ వ్యవధిలో పాలిప్‌ను పట్టుకొని తీసివేస్తే వ్యాధిని నివారించవచ్చు. అందుచేత ఈ వ్యాధిలో ముందస్తు పరీక్షకు రెండు ప్రయోజనాలు ఉన్నాయి: క్యాన్సర్‌ను తొలిదశలో గుర్తించడం, అసలు రాకుండా చేయడం. ఏ పద్ధతి ఈ రెండింటిలో దేనికి తోడ్పడిందన్న ప్రశ్న చుట్టూనే ఈ పరీక్షల చరిత్ర నడిచింది.

ముందస్తు పరీక్షలకు ఉండవలసిన నియమాలను విల్సన్, యుంగ్నర్ 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం క్రోడీకరించారు. వ్యాధి నిర్ధారణకు, చికిత్సకు సదుపాయాలు అందుబాటులో ఉండాలన్నది ఆ పది నియమాలలో ఒకటి. పరీక్షల సూక్ష్మతపై సాగిన చర్చలో ఈ నియమం తరచుగా వెనుకబడింది. ఈ వ్యాసం దానినే కొలమానంగా తీసుకుంటుంది.

2. రక్తపు జాడ: మలపరీక్ష చరిత్ర

గువాయకం అనే చెట్టు బంక రక్తం తగిలితే నీలిరంగుకు మారుతుందని 1864లో వాన్ డీన్ గుర్తించాడు. కంటికి కనబడని రక్తాన్ని మలంలో పరీక్షించి జీర్ణకోశ క్యాన్సర్‌ను అనుమానించవచ్చని బెర్లిన్ వైద్యుడు ఇస్మార్ బోయాస్ 1901లో సూచించాడు. అప్పటికి ఇది లక్షణాలున్న రోగికి ఆసుపత్రిలో చేసే పరీక్ష మాత్రమే. ఆరోగ్యవంతులకు విస్తృతంగా చేయదగిన రూపం దానికి 1967లో వచ్చింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన డేవిడ్ గ్రీగర్, గువాయకం పూసిన కాగితపు అట్టను రోగి చేతికే ఇచ్చి, ఇంటివద్ద నమూనా రాసి తెమ్మనే విధానాన్ని ప్రకటించాడు. ఆసుపత్రి గడప దాటి పరీక్ష ఇంటికి చేరడం ఈ చరిత్రలో మొదటి పెద్ద మలుపు.

ఆ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందా అన్న ప్రశ్నకు జవాబు రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1975లో మొదలైన మిన్నెసోటా అధ్యయనంలో 50 నుంచి 80 ఏళ్ల వయస్సుగల 46,551 మంది పాల్గొన్నారు. ఏటా పరీక్ష చేసిన వర్గంలో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గినట్లు 1993లో ప్రకటించారు. 1996లో వెలువడిన రెండు ఐరోపా అధ్యయనాలలో, రెండేళ్లకొకసారి చేసిన పరీక్షతో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 15 శాతం, డెన్మార్క్‌లోని ఫ్యూనెన్‌లో 18 శాతం తగ్గుదల కనిపించింది.

మిన్నెసోటా ఫలితానికి, ఐరోపా ఫలితాలకు నడుమ ఉన్న తేడాను గమనించాలి. ఏటా పరీక్షించడంతో పాటు దీనికి మరో కారణం ఉంది. మిన్నెసోటాలో ఎండిన అట్టలను తిరిగి తడిపి పరీక్షించారు. దానివల్ల 'రక్తం ఉంది' అని తేలినవి 2.4 శాతం నుంచి 9.8 శాతానికి పెరిగాయి. అంటే చాలామంది కొలనోస్కోపీకి వెళ్లారు. రక్తం వేరే కారణంతో పడినవారిలోనూ కొన్ని క్యాన్సర్లు యాదృచ్ఛికంగా బయటపడి ఉండవచ్చని విమర్శకులు వాదించారు. ఆ వాదన సారాంశం ఈ వ్యాసానికి ముఖ్యమైనది. మలపరీక్ష తనంతట తాను ఎవరినీ కాపాడలేదు. ఎవరికి కొలనోస్కోపీ చేయాలో అది ఎంపిక చేసింది. కాపాడింది ఆ తరువాతి మెట్టు.

గువాయకం పరీక్షకు పరిమితులు ఉన్నాయి. మాంసాహారంలోని రక్తానికీ, ముల్లంగి వంటి పచ్చి కూరగాయలలోని పదార్థాలకూ అది స్పందిస్తుంది. జీర్ణకోశం పైభాగంలో పడిన రక్తానికీ రంగు మారుతుంది. మానవ రక్తంలోని గ్లోబిన్‌ను మాత్రమే ప్రతిదేహాలతో గుర్తించే పరీక్ష 1970 దశకం చివర రూపొందింది. 'ఫిట్' అని వ్యవహరించే ఈ పరీక్షకు ఆహార నియమం అక్కరలేదు. గ్లోబిన్ చిన్నపేగులోనే జీర్ణమైపోతుంది కాబట్టి అది ప్రధానంగా పెద్దపేగు రక్తాన్నే చూపుతుంది. కొంకిపురుగుల వల్ల చిన్నపేగులో రక్తస్రావం సాధారణమైన గ్రామీణ ప్రాంతాలకు ఈ తేడా చిన్నది కాదు. జపాన్ 1992లో ఫిట్‌ను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది.

3. గొట్టంతో లోచూపు

వేలితో మలాశయాన్ని తడిమి చూడడం వైద్యంలో అతి పాత పరీక్ష. పైసా ఖర్చు లేనిది కూడా. దాని తరువాత వచ్చిన లోహపు గొట్టం, అంటే గట్టి సిగ్మాయిడోస్కోపు, చూపును మరికొన్ని అంగుళాలు లోపలికి తీసుకువెళ్లింది. 1957లో బేసిల్ హిర్షోవిట్జ్ గాజుతంతువులతో చేసిన వంగే గొట్టాన్ని జీర్ణాశయ పరీక్షకు ప్రవేశపెట్టిన తరువాత, 1960 దశకంలో అది పెద్దపేగుకూ విస్తరించింది. 1969లో న్యూయార్క్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా కొలనోస్కోపు గుండా తీగ ఉచ్చును పంపి పాలిప్‌ను కోసి తీశారు. పొట్ట కోయకుండా వ్యాధి మూలాన్ని తీసివేయడం అప్పటినుంచి సాధ్యమైంది. చూపు, కోత ఒకే గొట్టంలో కలిసిన ఈ ఘట్టం తరువాత వచ్చిన పద్ధతులన్నింటికీ కొలనోస్కోపీయే ప్రమాణమైంది.

1993లో వెలువడిన అమెరికా జాతీయ పాలిప్ అధ్యయనం, పాలిప్‌లు తీయించుకున్నవారిలో క్యాన్సర్ సంభవం ఊహించినదానికంటే 76 నుంచి 90 శాతం తక్కువగా ఉందని చూపింది. ఈ అంకె కొలనోస్కోపీపై అపారమైన ఆశ కలిగించింది. అయితే అది పరీక్ష చేయించుకున్నవారి అంకె. సామాన్య జనాన్ని ఆహ్వానిస్తే ఏమవుతుందో 2022లో వెలువడిన నార్డిక్ అధ్యయనం తెలిపింది. 84,585 మందిని చేర్చిన ఆ అధ్యయనంలో, ఆహ్వానం అందినవారిలో 42 శాతమే కొలనోస్కోపీకి వచ్చారు. పదేళ్లలో క్యాన్సర్ వచ్చే అవకాశం ఆహ్వానం లేనివారిలో 1.20 శాతం, ఆహ్వానితులలో 0.98 శాతంగా తేలింది. అంటే తగ్గుదల 18 శాతం. పరీక్ష సామర్థ్యానికీ, కార్యక్రమ ఫలితానికీ నడుమ ఉన్న దూరాన్ని, పరీక్షకు రాని 58 శాతం మంది చాలావరకు వివరిస్తారు.

4. నీడ నుంచి త్రిమితి చిత్రానికి

1895లో రాంట్‌గెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్న తరువాత కొద్ది సంవత్సరాలకే, ఆ కిరణాలను అడ్డుకునే ద్రవాన్ని మలద్వారం గుండా ఎక్కించి పెద్దపేగు నీడను చూసే ప్రయత్నాలు మొదలయ్యాయి. 1910 ప్రాంతంలో బేరియం వాడుకలోకి వచ్చింది. 1923లో జర్మనీకి చెందిన ఫిషర్ బేరియంతో పాటు గాలినీ నింపే పద్ధతిని ప్రకటించాడు. పేగు గోడపై పలుచని బేరియం పూత, లోపల గాలి ఉండడం వల్ల చిన్న మొలకలు కూడా కనబడే అవకాశం పెరిగింది. స్వీడన్‌లోని మాల్మోలో వెలిన్ ఈ పద్ధతికి మెరుగులు దిద్దాడు. అర్ధశతాబ్దం పాటు పెద్దపేగును పూర్తిగా చూడడానికి ప్రపంచమంతటా ఇదే ప్రధాన సాధనం.

దాని పరిమితి 2000లో స్పష్టంగా బయటపడింది. జాతీయ పాలిప్ అధ్యయనంలోనివారికే బేరియం ఎనిమానూ కొలనోస్కోపీనీ చేసి పోల్చగా, ఒక సెంటీమీటరు దాటిన పాలిప్‌లలో బేరియం 48 శాతాన్నే చూపగలిగింది. సగానికి పైగా తప్పిపోయాయి. ఒక తరం వైద్యులు ప్రమాణంగా భావించిన చిత్రం ఇంత తక్కువ చూపిందని తెలియడానికి, దానికంటే మెరుగైన పద్ధతితో పక్కపక్కన పెట్టి చూడవలసి వచ్చింది.

అప్పటికే కొత్త చిత్రణ వచ్చింది. 1970 దశకం మొదట్లో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సీటీ యంత్రం శరీరాన్ని అడ్డకోతలుగా చూపేది. ఆ అడ్డకోతలను కంప్యూటరులో కూర్చి, పేగు లోపల ప్రయాణిస్తున్నట్లు చూపే విధానాన్ని అమెరికా రేడియాలజిస్టు డేవిడ్ వైనింగ్ 1994లో ప్రదర్శించాడు. దీనికే సీటీ కొలనోగ్రఫీ అని పేరు. రోగి ముందుగా విరేచన మందు తీసుకోవాలి. మిగిలిన మలం పాలిప్‌లా భ్రమ కలిగించకుండా గుర్తుపట్టే ద్రవం తాగాలి. పేగులోకి గాలి లేదా కార్బన్ డయాక్సైడ్ నింపి, వెల్లకిల ఒకసారి, బోర్లా ఒకసారి చిత్రాలు తీస్తారు. మత్తు అవసరం లేదు. కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. పేగుకు రంధ్రం పడే ప్రమాదం అత్యల్పం. అయితే పాలిప్ కనబడితే దాన్ని తీయడానికి మళ్లీ కొలనోస్కోపీకే వెళ్లాలి.

తొలి పదేళ్ల ఫలితాలు పరస్పరం విరుద్ధంగా వచ్చాయి. 2003లో పిక్‌హార్ట్ బృందం 1,233 మందిలో చేసిన అధ్యయనంలో, ఒక సెంటీమీటరు, ఆపైన ఉన్న పాలిప్‌లు గలవారిలో 93.8 శాతం మందిని సీటీ గుర్తించింది. కొలనోస్కోపీ గుర్తించినది 87.5 శాతం. మరుసటి ఏడాది, 2004లో, కాటన్ బృందం 615 మందిలో చేసిన బహుకేంద్ర అధ్యయనంలో అదే పరిమాణానికి సీటీ సామర్థ్యం 55 శాతం మాత్రమే. 2008లో జాన్సన్ నేతృత్వంలో 15 కేంద్రాలలో, ముందుగా శిక్షణ పొంది అర్హత నిరూపించుకున్న రేడియాలజిస్టులతో చేసిన అధ్యయనంలో అది 90 శాతానికి చేరింది. యంత్రాల తరం, మలాన్ని గుర్తుపట్టే ద్రవం, చిత్రాలు చూసే పద్ధతి, శిక్షణ అన్నీ ఈ తేడాలో పాలుపంచుకున్నాయి. చిత్రణ అంటే యంత్రం ఒక్కటే కాదని, చదివే కన్ను కూడా అందులో భాగమేనని ఈ మూడు అంకెలు చెబుతున్నాయి.

5. ముఖాముఖి పోలికలు

2010 తరువాతి అధ్యయనాలు ప్రశ్నను మార్చాయి. ఏ పరీక్ష ఎక్కువ చూపుతుంది అన్నదానికి బదులు, ఆహ్వానం పంపిన ప్రతి వెయ్యిమందిలో ఎవరికి మేలు జరుగుతుంది అని అడగసాగాయి. 2012లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, కొలనోస్కోపీకి ఆహ్వానితులలో 22 శాతం, సీటీకి 34 శాతం వచ్చారు. పరీక్షకు వచ్చిన ప్రతి నూరుమందిలో ముదిరిన పాలిప్ లేదా క్యాన్సర్ కొలనోస్కోపీలో 8.7 మందికి, సీటీలో 6.1 మందికి కనబడింది. కానీ ఆహ్వానించిన ప్రతి నూరుమందికి లెక్కిస్తే 1.9, 2.1 అయ్యాయి. తక్కువ చూసిన పరీక్ష ఎక్కువమందిని రప్పించి లోటు పూడ్చుకుంది.

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో సుమారు 16 వేల మందితో చేసి 2016లో ప్రకటించిన అధ్యయనం ఫిట్‌నూ ఈ పోలికలోకి తెచ్చింది. దాని మొదటి విడత ఫలితాలు కింది పట్టికలో ఉన్నాయి. చివరి నిలువు వరుస, ముందు రెండు అంకెల నుంచి ఇక్కడ లెక్కించినది.

| పరీక్ష | హాజరు (శాతం) | హాజరైనవారిలో గుర్తింపు (శాతం) | ఆహ్వానించిన వెయ్యిమందికి గుర్తింపు (సుమారు) |
|---|---|---|---|
| ఫిట్ | 50.4 | 1.7 | 9 |
| సీటీ, తేలిక విరేచన మందుతో | 28.1 | 5.5 | 15 |
| సీటీ, పూర్తి విరేచన మందుతో | 25.2 | 4.9 | 12 |
| కొలనోస్కోపీ | 14.8 | 7.2 | 11 |

ఈ పట్టిక చిత్రణ పక్షాన బలమైన సాక్ష్యం. ఒక విడతలో చూస్తే సీటీయే ముందుంది. ఫిట్‌ను తక్కువ అంకెతో కొట్టివేయడానికి వీల్లేకపోవడానికి కారణం, దాన్ని ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చేస్తారు. విడతలు గడిచేకొద్దీ గుర్తింపు కూడుతుంది. ఆ సంగతిని స్పెయిన్ అధ్యయనం నిరూపించింది. 2025లో వెలువడిన దాని తుది ఫలితాలలో, పదేళ్ల తరువాత పెద్దపేగు క్యాన్సర్ మరణాలు ఒకసారి కొలనోస్కోపీకి పిలిచినవారిలో 0.22 శాతం, రెండేళ్లకొకసారి ఫిట్‌కు పిలిచినవారిలో 0.24 శాతం. ఆచరణలో రెండూ సమానమే. దీనికి షరతు ఒకటే: ఫిట్ విడత విడతకూ జరగాలి, రక్తం కనబడినవారికి కొలనోస్కోపీ జరగాలి.

లక్షణాలున్న రోగులలో చిత్రణకు మరింత స్పష్టమైన స్థానం దొరికింది. 2013లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో 3,838 మంది రోగులలో సీటీ, బేరియంలను పోల్చగా, క్యాన్సర్ లేదా పెద్ద పాలిప్ గుర్తింపు సీటీలో 7.3 శాతం, బేరియంలో 5.6 శాతం. బేరియం యుగం దానితో ముగిసిందని చెప్పవచ్చు. దాని జంట అధ్యయనంలో సీటీ, కొలనోస్కోపీల గుర్తింపు 10.7, 11.4 శాతాలతో దాదాపు సమానమైంది. కానీ సీటీ చేయించుకున్నవారిలో 30 శాతం మందికి మరో పేగు పరీక్ష అవసరమైంది. కొలనోస్కోపీ వర్గంలో అది 8.2 శాతమే. చిత్రం చూసిన తరువాత ప్రతి పదిమందిలో ముగ్గురు మళ్లీ ఆసుపత్రి మెట్లు ఎక్కవలసి వచ్చింది. ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నచోట అది చిన్న అసౌకర్యం. నూరు మైళ్ల దూరంలో ఉన్నచోట అది పరీక్ష అసంపూర్ణంగా ఆగిపోవడమే కావచ్చు.

6. తెలుగు నేలపై పూర్వోదాహరణ: క్షయవ్యాధి

యంత్రంతో వెదకడమా, సాదా పరీక్షతో మొదలుపెట్టడమా అన్న ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. 1915లో ప్రారంభమైన మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియం క్షయవ్యాధి చికిత్సకు దక్షిణ భారతంలో ముఖ్య కేంద్రమైంది. స్వాతంత్ర్యానంతరం డాక్టర్ యోహన్నెస్ ఫ్రిమోట్-మ్యూలర్ బృందం మదనపల్లె చుట్టుపక్కల గ్రామాలలో 1950 నుంచి 1955 వరకు ఎక్స్-రే చిత్రణతో కూడిన విస్తృత సర్వే నిర్వహించింది. లక్షణాలు ఉన్నా లేకున్నా అందరినీ పరీక్షించడం అప్పటి ఐరోపా విధానం. 1955-58లో జరిగిన జాతీయ నమూనా సర్వే కూడా చిన్న ఎక్స్-రే చిత్రాలపైనే ఆధారపడింది.

ఆ తరువాత బెంగళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ తరఫున డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లాలో చేసిన సామాజిక అధ్యయనం 1963లో వెలువడింది. సర్వేలో బయటపడిన రోగులలో అత్యధికులకు తమ దగ్గు, జ్వరం గురించి ముందే తెలుసు. దాదాపు సగం మంది అప్పటికే ఏదో ఒక వైద్యశాలకు వెళ్లారు కూడా. అక్కడ వారికి దగ్గు మందు దొరికిందే తప్ప నిర్ధారణ దొరకలేదు. యంత్రంతో ఊరూరా వెదకడానికి ముందు, తామంతట తాము తలుపు తట్టినవారిని పరీక్షించాలన్న విధానానికి ఈ పరిశోధన బలం చేకూర్చింది. 1962లో మొదలైన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం కింది స్థాయిలో కళ్లె పరీక్షకు, జిల్లా కేంద్రంలో ఎక్స్-రేకు స్థానం కల్పించింది.

కథ అక్కడితో ముగియలేదు. 2019-21 జాతీయ సర్వేలో గుర్తించిన క్షయ రోగులలో 42.6 శాతం మంది ఎక్స్-రే వల్ల మాత్రమే బయటపడ్డారు. 2024 డిసెంబరులో మొదలైన నూరు రోజుల కార్యక్రమంలో చేతితో మోయగల ఎక్స్-రే యంత్రాలు గ్రామాలకు వెళ్లాయి. అంటే చిత్రణ ఓడిపోలేదు. నిర్ధారణ, ఉచిత మందులు, వాటిని గ్రామం వరకు చేర్చే యంత్రాంగం నిలబడిన తరువాత అది తిరిగి వచ్చి అర్థవంతమైంది. ఈ చరిత్ర చెప్పేది పద్ధతుల శత్రుత్వాన్ని కాదు, వాటి వరుసక్రమాన్ని.

ఈ పోలికకు హద్దు ఉంది. కళ్లెలో క్రిమి కనబడితే వ్యాధి నిర్ధారణ అయినట్లే. మలంలో రక్తం కనబడితే అనుమానం మాత్రమే కలుగుతుంది. కాబట్టి పెద్దపేగు క్యాన్సర్‌లో తరువాతి మెట్టు అవసరం క్షయలోకంటే ఎక్కువ.

7. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: మెట్లు ఎక్కడ ఉన్నాయి?

నిజాం కాలంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలుగా ప్రసిద్ధమైన ప్రాంతాలు ఈ మూడు జిల్లాలలో ఉన్నాయి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఈ మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. 2011 జనగణన ప్రకారం వీటి మొత్తం జనాభా సుమారు 20 లక్షలు. గద్వాల జిల్లా అక్షరాస్యత సుమారు 50 శాతం, రాష్ట్రంలోనే అతి తక్కువ. ఇంటికి ఇచ్చిన పరీక్ష గొట్టంపై ముద్రించిన సూచనలను చదివి పాటించడంపై నడిచే కార్యక్రమానికి ఈ అంకె మొదటి హెచ్చరిక.

రెండవది దూరం. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డకు హైదరాబాదు సుమారు 190 కిలోమీటర్లు. కర్నూలు అరవై కిలోమీటర్ల లోపే. 1957లో వైద్య కళాశాల ఏర్పడిన కర్నూలు నడిగడ్డకు దగ్గరి పెద్దాసుపత్రి. 2014 నుంచి అది పొరుగు రాష్ట్రంలో ఉంది. రోగి నడక మారకపోయినా, పత్రాల నడక మారింది. నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ పీఠభూమి, నల్లమల చెంచు పెంటల దూరాన్ని కిలోమీటర్లతో కొలవడం చాలదు.

మూడవది వలస. పాలమూరు కూలీలు దేశంలోని ఆనకట్టలు, కాలువలు, భవనాల నిర్మాణంలో తరతరాలుగా పనిచేశారు. ఫిట్ బలం దాని పునరావృతిలో ఉందని పై చర్చలో తేలింది. మొదటి విడతలో ఊళ్లో ఉన్న మనిషి రెండవ విడతలో పుణెలోనో ముంబయిలోనో ఉంటే ఆ బలం సన్నగిల్లుతుంది. నాల్గవది ఎండ. మలంలోని హిమోగ్లోబిన్ వేడికి విచ్ఛిన్నమవుతుంది. ఇటలీలోనే వేసవిలో ఫిట్ 'రక్తం ఉంది' అని చూపే అవకాశం శీతకాలంకంటే 17 శాతం తగ్గినట్లు 2010లో ప్రకటించారు. వేసవిలో 40 డిగ్రీలు దాటే నడిగడ్డలో నమూనాను చల్లగా, త్వరగా ప్రయోగశాలకు చేర్చకపోతే 'రక్తం లేదు' అన్న జవాబును నమ్మడానికి వీలుండదు.

ఇక చికిత్స వైపు చరిత్ర భిన్నంగా ఉంది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ చొరవతో 1955లో ఏర్పడిన క్యాన్సర్ ఆసుపత్రి నేటికీ ప్రభుత్వ రంగంలో ప్రధాన కేంద్రం. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. శస్త్రచికిత్సకు, క్యాన్సర్ చికిత్సకు డబ్బు లేదన్న అడ్డంకిని అది ఈ ప్రాంతంలో చాలావరకు తగ్గించింది. కానీ ఆ పథకం ప్రధానంగా నిర్ధారణ అయిన వ్యాధి చికిత్సకు ఉద్దేశించినది. కేంద్ర ప్రభుత్వం 2016లో విడుదల చేసిన జనాభా స్థాయి పరీక్షల మార్గదర్శకాలలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయి. పెద్దపేగు క్యాన్సర్ లేదు. వ్యాధి రేటు తక్కువ కాబట్టి ఆ నిర్ణయం అకారణమైనది కాదు. రేటు తక్కువైనచోట అందరినీ పరీక్షిస్తే అనుమానంగా తేలినవారిలో నిజమైన రోగుల వాటా పడిపోతుంది. సీటీ అయితే మూత్రపిండాలు, కాలేయంలో కనబడే అనవసర అనుమానాలూ తోడవుతాయి.

అయితే పరీక్ష లేకపోవడానికీ, లక్షణం ఉన్నవారిని పట్టించుకోకపోవడానికీ తేడా ఉంది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 800 మంది పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగులపై 2017లో వెలువడిన పరిశీలనలో వారి సగటు వయస్సు 47 ఏళ్లు. 50 ఏళ్లు దాటినవారిని పిలిచే పాశ్చాత్య పద్ధతిని యథాతథంగా తెచ్చుకుంటే, ఇలాంటి రోగులలో చాలామంది ఆ ఆహ్వానం పరిధిలోకే రారు. అదే పరిశీలనలో మలాశయ క్యాన్సర్ల వాటా పెద్దది. వాటిలో చాలావాటిని వేలి పరీక్షతోనే అనుమానించవచ్చు. మొలలని చెప్పి మందు రాసే ముందు ఆ ఒక్క పరీక్ష చేయడానికి యంత్రం గానీ, బడ్జెటు గానీ అవసరం లేదు. చేయించుకోవడానికి రోగికి, ముఖ్యంగా స్త్రీలకు, సిగ్గు అడ్డు. చేయడానికి రద్దీలో ఉన్న వైద్యుడికి తీరిక అడ్డు.

ఇక్కడ ఇటీవలి మార్పు ఒకటి ఉంది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. హైదరాబాదు ఎండోస్కోపీలో ప్రపంచ స్థాయి పేరు పొందింది. ఆ రంగంలో కృషికి డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ ప్రకటించారు. నగరంలో ఉన్న ఆ నైపుణ్యంలో కొంత భాగం జిల్లా బోధనాసుపత్రికి చేరడం ఇప్పుడు ఊహకు అందని విషయం కాదు. బోధనాసుపత్రిలో క్రమం తప్పకుండా నడిచే కొలనోస్కోపీ విభాగం, పాలిప్ ముక్కను చదివే పాథాలజీ విభాగం ఏర్పడితే, మలపరీక్షకు గానీ సీటీకి గానీ అర్థం కలిగించే మెట్టు నిర్మాణమవుతుంది. అది లేకుండా ఫిట్ గొట్టాలు పంచితే అనుమానం పంచినట్లవుతుంది. సీటీ చిత్రాలు తీస్తే అనుమానాన్ని మరింత స్పష్టంగా పంచినట్లవుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. గువాయకం అట్ట నుంచి సీటీ కొలనోగ్రఫీ వరకు ఏ ముందస్తు పరీక్షా స్వతంత్రంగా ప్రాణాలు కాపాడలేదు. ప్రతి దానికీ చివరి మెట్టు కొలనోస్కోపీయే.

2. చిత్రణ పద్ధతిని తక్కువ చేయడానికి ఆధారం లేదు. బేరియం వెనుకబడినా, శిక్షణ పొందిన రేడియాలజిస్టుల చేతిలో సీటీ పెద్ద పాలిప్‌ల విషయంలో కొలనోస్కోపీకి చేరువైంది. ఒక విడత ఆహ్వానంలో ఎక్కువమందిని గుర్తించిన సందర్భాలూ ఉన్నాయి.

3. ఆ విజయాలు నిర్ధారణ సదుపాయం ముందే ఉన్న సమాజాలలో లభించాయి. మదనపల్లె, తుమకూరు అనుభవం ప్రకారం అటువంటి సదుపాయం నిర్మాణమయ్యే వరకు, లక్షణాలతో వచ్చినవారిని సాదా పద్ధతులతో పరీక్షించడం ముందు రావాలి. ఆ తరువాత చిత్రణకు చోటు దొరుకుతుంది.

4. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు ఈ క్రమం ఇలా వర్తిస్తుంది: మలంలో రక్తం పడుతుందని వచ్చిన ప్రతి వ్యక్తికీ, వయస్సుతో నిమిత్తం లేకుండా వేలి పరీక్ష; అవసరమైనవారికి జిల్లా బోధనాసుపత్రిలోనే కొలనోస్కోపీ; అది అసంపూర్తిగా ఆగినవారికి, తట్టుకోలేని వృద్ధులకు సీటీ కొలనోగ్రఫీ; ఈ మూడూ నిలకడగా నడిచిన తరువాతే, ఎండకూ వలసకూ తగిన ఏర్పాట్లతో, కుటుంబ చరిత్ర ఉన్నవారి నుంచి మొదలుపెట్టి ఫిట్.

ఈ క్రమంలో తొలి మెట్టుకు కొత్త యంత్రం అవసరం లేదు. మొలలన్న మాటతో సంభాషణ ముగియకుండా చూడడమే అవసరం. ఈ మూడు జిల్లాలలో రక్తస్రావంతో వచ్చినవారు నిర్ధారణకు చేరేలోగా ఎన్ని చోట్ల తిరిగారు, ఎన్ని నెలలు గడిచాయి అన్న విషయంపై తుమకూరు తరహా క్షేత్ర అధ్యయనం చేపట్టడానికి ఇప్పుడు ఇక్కడే వైద్య కళాశాలలు ఉన్నాయి. ఏ పద్ధతిని ఎంచుకోవాలన్న చర్చకు ముందు ఆ అధ్యయనం జరగడం సముచితం.